డిష్‌లో వరదగుడి

1981లో నేను ప్రయోగశాలలో చేరినప్పుడు నాకు అప్పగించిన మొదటి పని కోడిగుడ్లను తిప్పడం. 38 డిగ్రీల వేడి, సరిపడా తేమ ఉన్న ఇంక్యుబేటర్‌లో వరుసలుగా పేర్చిన గుడ్లను పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మెల్లగా ఒక పక్కకు దొర్లించాలి. పొదిగే కోడి తన ముక్కుతో చేసే పనే అది. మరిచిపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుని చనిపోతుంది. ఎనిమిదో రోజున చీకటి గదిలో గుడ్డును దీపానికి అడ్డంపెట్టి చూస్తే, సాలెగూడులా అల్లుకున్న ఎర్రని రక్తనాళాలూ, వాటి నడుమ కదులుతున్న నల్లని చుక్కా కనిపించేవి. ఆ చుక్క పిండపు కన్ను. జీవరసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకుని వచ్చిన నాకు ఈ గుడ్ల కాపలా చిన్నతనంగా తోచిన మాట నిజం. మా మాస్టారు అది గ్రహించారేమో, "ఈ గుడ్లు లేకపోతే మన శాస్త్రమే లేదమ్మా" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. ఆ మాట అక్షరాలా నిజమని తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మా ప్రయోగశాల పని చేసేది వృద్ధి కారకాల మీద, అంటే గ్రోత్ ఫ్యాక్టర్ల మీద. ఒక కణం మరొక కణానికి పంపే చిన్న చిన్న ప్రోటీన్ కబుర్లవి. పెరగమని, విభజన చెందమని, ఫలానా దిక్కుకు సాగమని, కొన్నిసార్లు కేవలం బతికి ఉండమని చెప్పే కబుర్లు. వాటిలో అన్నిటికన్నా ముందు బయటపడ్డ నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, మేమంతా ఎన్‌జీఎఫ్ అని పిలుచుకునే నాడీ వృద్ధి కారకం, మా మాస్టారికి ప్రాణం. దాన్ని కొలవడానికి అప్పట్లో అందరికీ నమ్మకమైన పద్ధతి ఒకటే ఉండేది. ఎనిమిది రోజుల పిండం వెన్నుకు ఇరువైపులా ముత్యాల సరంలా ఉండే నాడీసంధులను, అంటే గాంగ్లియాన్‌లను, గడియారాలు బాగుచేసేవాళ్లు వాడే సన్నని పట్టకారుతో తెంపకుండా తీసి, ఎలుక తోకలోని స్నాయువుల (టెండన్ల) నుంచి మేమే తయారుచేసుకున్న కొల్లాజెన్ పొర మీద పెట్టి, పరీక్షించదలచిన ద్రవం ఒక చుక్క కలిపి, మర్నాటి వరకు ఆగి చూడాలి.

నా చేత్తో తీసిన గాంగ్లియాన్ తొలిసారి బతికిన పొద్దుటిపూట ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ముందురోజు సాయంత్రం డిష్‌లో పెట్టినప్పుడు అది అన్నం మెతుకులో నాలుగో వంతైనా లేని బూడిదరంగు ముద్ద. మర్నాడు మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ ముద్ద చుట్టూ, అన్ని దిక్కులకూ, వెంట్రుకలకన్నా ఎన్నో రెట్లు సన్నని నాడీతంతువులు కిరణాల్లా విచ్చుకుని ఉన్నాయి. ఆంగ్ల పత్రికల్లో దీన్ని హాలో అని రాసేవారు. మాస్టారు మాత్రం ఎప్పుడూ వరదగుడి అనే అనేవారు. చంద్రుడి చుట్టూ కట్టే వెలుగువలయానికి మనవాళ్లు పెట్టిన పేరు ఇంత చక్కగా అతికే చోటు ఇంకొకటి నేను చూడలేదు. "కట్టిందా?" అని ఆయన తలుపు దగ్గరి నుంచే అడిగేవారు. కట్టింది అంటే ఆ రోజు కాఫీ ఆయన చేత్తో ఆయనే కలిపి ఇచ్చేవారు.

వరదగుడి ఎంత దట్టంగా కట్టిందన్న దాన్ని బట్టి ఒకటి నుంచి నాలుగు వరకు మార్కులు వేసేవాళ్లం. ఒక మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు, అంటే గ్రాములో పది కోట్లో వంతు ఎన్‌జీఎఫ్ ఉంటే చాలు, బ్రహ్మాండంగా కట్టేది. తమాషా ఏమిటంటే, మోతాదు బాగా పెంచితే తంతువులు దూరంగా సాగడం మానేసి ముద్ద చుట్టూ కుచించుకుపోయేవి. ఎక్కువైతే ఎక్కువ మేలు అన్న లెక్క ఈ పదార్థం దగ్గర చెల్లదని ఆ రోజుల్లోనే కంటితో చూశాను కానీ, దాని అర్థం మనిషి శరీరంలో ఎంత దూరం పోతుందో అప్పుడు నాకు తట్టలేదు.

సాయంత్రాలు పని ముగిశాక మాస్టారు ఎన్‌జీఎఫ్ కథ చెప్పేవారు. ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు విసుగు లేదు, మాకూ లేదు. ఇటలీలో, టురిన్‌లో వైద్యం చదివిన రీటా లెవీ మోంటాల్చినీని, 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాలు విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టాయి. ఆమె యూదు కుటుంబంలో పుట్టడమే కారణం. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుని, కుట్టుసూదులను సానబట్టి శస్త్రాలుగా చేసుకుని, కోడిపిండాల రెక్క మొగ్గలు తీసేసి నాడీకణాలకు ఏమవుతుందో చూసింది. బాంబుదాడులు మొదలైతే కుటుంబంతోపాటు పల్లెకు వెళ్లి అక్కడా ఆ పనే చేసింది. అవయవం లేకపోతే దానికి వెళ్లవలసిన నాడీకణాలు పుట్టకపోవడం కాదు, పుట్టి, సాగి, ఆ తర్వాత చనిపోతున్నాయని ఆమె గమనించింది. ఈ చోటికి వచ్చేసరికి మాస్టారు గొంతు తగ్గించేవారు. "పుట్టింది, బయలుదేరింది, వెళ్లిన చోట దానికి అందవలసింది అందలేదు, అందుకని పోయింది. జబ్బులన్నిటిలోనూ నాకు ఇదే కనిపిస్తుంది" అనేవారు.

యుద్ధం ముగిశాక, 1947లో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విక్టర్ హాంబర్గర్ దగ్గరకు కొన్ని నెలల కోసమని వెళ్లిన ఆమె అక్కడ దశాబ్దాలు పనిచేసింది. ఎలుకల నుంచి తీసిన ఒక రకం కణితి ముక్కను పిండంలో నాటితే నాడీతంతువులు దాని వైపు వెర్రిగా పెరుగుతున్నాయని తెలిసినప్పుడు, ఆ కణితి ఏదో పదార్థాన్ని విడుదల చేస్తోందని ఆమె పట్టుకుంది. దాన్ని డిష్‌లో రుజువు చేయడానికి 1952లో కణితి ఉన్న ఎలుకలను వెంటబెట్టుకుని విమానంలో రియో డి జనీరో వెళ్లింది. మొదటి వరదగుడి కట్టింది అక్కడ, హెర్తా మేయర్ అనే శాస్త్రవేత్త నడిపే కణవర్ధన ప్రయోగశాలలో. ఆ తర్వాత ఆమెతో చేరిన స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఆ పదార్థం ప్రోటీనా, న్యూక్లిక్ ఆమ్లమా అని తేల్చుకోవడానికి, న్యూక్లిక్ ఆమ్లాలను విడగొట్టే ఎంజైము కోసం పాము విషాన్ని కలిపాడు. వరదగుడి తగ్గకపోగా అంతకు ముందెన్నడూ లేనంత దట్టంగా కట్టింది. విషంలోనే ఎన్‌జీఎఫ్ పుష్కలంగా ఉంది! పాము విషగ్రంథికి క్షీరదాల్లో సాటి వచ్చేది లాలాజల గ్రంథి కదా అని ఎలుక లాలాజల గ్రంథుల్లో వెదికితే అక్కడా కుప్పలుగా దొరికింది. మేం ఎన్‌జీఎఫ్ తీసేది కూడా ఆ గ్రంథుల నుంచే, ఎదిగిన మగ ఎలుకల నుంచి, ఎందుకంటే ఆడ ఎలుకలకన్నా వాటిలో చాలా ఎక్కువ ఉంటుంది. చల్లని గదిలో, స్వెటర్లు వేసుకుని, ప్రోటీన్లను వేరుచేసే కాలమ్ కింద ఒక్కొక్క గొట్టం మార్చుకుంటూ కూర్చున్న రాత్రులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి.

ఆ గ్రంథుల రసంతోనే కోహెన్‌కు మరొకటి దొరికింది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఆ రసం ఎక్కిస్తే, మామూలుగా 12 నుంచి 14 రోజులకు తెరుచుకోవలసిన కళ్లు ఆరేడు రోజులకే తెరుచుకున్నాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. ఎన్‌జీఎఫ్‌కు అటువంటి గుణం లేదు. రసంలో ఇంకేదో కలిసిందిలే, శుద్ధి చాలలేదు అని పక్కన పెట్టేయదగిన సంగతే అది. ఆయన పక్కన పెట్టలేదు. ఆ ఇంకేదో ఏమిటని వెంటబడి, 1962లో దాన్ని వేరుచేసి చూపాడు. అదే చర్మపు పైపొర లాంటి కణాలను పెంచే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, ఈజీఎఫ్. కేవలం 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్.

ఈ కథ పదిసార్లు విని కూడా నేను ఏం చేశానో చెప్పాలి. 1983లో అనుకుంటాను, ఒక పొద్దున కంట్రోల్ డిష్‌లలో, అంటే ఎన్‌జీఎఫ్ చుక్క కూడా వేయని వాటిలో, ఒకదానిలో గాంగ్లియాన్‌కు ఒక వైపు మాత్రమే తంతువులు వచ్చి ఉన్నాయి. వరదగుడిలో పావు వంతు అన్నమాట. పిపెట్ సరిగ్గా మార్చలేదేమోనని భయపడి, పుస్తకంలో "కలుషితం" అని రాసి, డిష్ పారేశాను. మధ్యాహ్నం పుస్తకం తిరగేస్తూ మాస్టారు ఆ మాట దగ్గర ఆగి, డిష్ ఏదని అడిగారు. పారేశానన్నాను. ఆయన కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, "ఏ వైపున వచ్చాయి?" అని అడిగారు. బాగా ఆలోచిస్తే గుర్తొచ్చింది: ఆ వైపున ఇంకో చిన్న ముక్క ఉంది. పిండాన్ని కోసేటప్పుడు అంటుకువచ్చిన కణజాలం, బహుశా గుండెది. ఆ వారమంతా మేమిద్దరం కూర్చుని కావాలనే గాంగ్లియాన్‌కు ఒక పక్కన గుండె ముక్కను పెట్టి చూశాం. అన్నిసార్లూ కాకపోయినా, చాలాసార్లు తంతువులు ఆ వైపుకే సాగాయి. ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ కలిపినా ఆగలేదు. అది కొత్త సంగతి కాదు. గుండె కణాలు పెరిగిన ద్రవం నాడీకణాలను సాకుతుందని అప్పటికే ఇతరులు చూపారు. ముందు ఏడాది, 1982లో, ఈవ్ బార్డ్ బృందం ఒకటిన్నర కిలోల పంది మెదడు నుంచి మైక్రోగ్రాము మాత్రంగా బీడీఎన్‌ఎఫ్ అనే రెండో నాడీ కారకాన్ని తీసిన వార్త కూడా మా బల్ల మీదే ఉంది. అయినా నా చేతిలోకి వచ్చిన దాన్ని నేనే పారేశానన్న బాధ చాలాకాలం పోలేదు. ఆ రోజు నుంచి "కలుషితం" అన్న మాట నా పుస్తకంలో మళ్లీ రాయలేదు. ఏం కనిపించిందో అదే రాశాను.

1986 అక్టోబరులో లెవీ మోంటాల్చినీకి, కోహెన్‌కు నోబెల్ బహుమతి ప్రకటించిన రోజు ప్రయోగశాలలో పండుగే. మాస్టారు మాత్రం సంతోషంలోనే కొంత నొచ్చుకున్నారు. హాంబర్గర్‌కు కూడా రావలసింది అన్నది ఆయన అభిప్రాయం. ముగ్గురికి పంచే వీలున్న బహుమతిలో, రెక్క మొగ్గ తీసేస్తే నాడీకణాలకు ఏమవుతుందన్న ప్రశ్నను ఆమెకన్నా ముందే వేసిన మనిషికి చోటు లేకపోవడం అన్యాయమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మా సొంత పని అప్పటికి మరో దారి పట్టింది. క్యాన్సర్‌కు వాడే కొన్ని మందులు కణితితోపాటు నరాలనూ దెబ్బతీస్తాయి. చేతివేళ్లు, అరికాళ్లు ముందు తిమ్మిరెక్కుతాయి, తర్వాత మండుతాయి, చివరికి స్పర్శ పోతుంది; గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. మందు ఎక్కించే తేదీ వైద్యుడికి ముందే తెలుసు కదా, మరి నరం దెబ్బతిన్నాక చూద్దామని ఎందుకు ఆగాలి, ముందే ఎన్‌జీఎఫ్ ఇచ్చి నిలబెట్టలేమా అన్నది మాస్టారి ప్రశ్న. జబ్బు వచ్చే దారిలోనే ఎదురు నిలబడటం అని ఆయన దానికి పేరు పెట్టారు. మా డిష్‌లలో, విషపు మందు కన్నా ముందు ఎన్‌జీఎఫ్ అందిన గాంగ్లియాన్‌లు అందనివాటికన్నా మెరుగ్గా నిలిచేవి. 1991లో ఇతర శాస్త్రవేత్తలు ఎలుకల్లో, టాక్సాల్ అనే క్యాన్సర్ మందు వల్ల వచ్చే నరాల దెబ్బను ఎన్‌జీఎఫ్ నివారించగలదని చూపినప్పుడు మేం గెలిచినంత సంబరపడ్డాం. అదే ఏడాది ఎన్‌జీఎఫ్‌కు కణం మీద ఉండే గ్రాహకం టీఆర్‌కేఏ అని తేలింది. దాని జన్యువు అంతకు ముందే పెద్దపేగు క్యాన్సర్ కణితిలో, వికృతమైన రూపంలో, క్యాన్సర్ కారకంగా దొరికినదే! నరాన్ని బతికించే కబురును అందుకునే తలుపూ, తెరిచింది తెరిచినట్టే ఇరుక్కుపోతే కణితిని పెంచే తలుపూ ఒకటే. ఈజీఎఫ్ విషయంలో కూడా అంతే. కోళ్లలో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ జన్యువు, ఈజీఎఫ్ గ్రాహకానికి కత్తిరించిన నకలని 1984లోనే బయటపడింది. మేం ఎంతో ముద్దుగా చూసుకునే ఈ కారకాలను శరీరం అంత పొదుపుగా, అంత కొద్ది చోట్ల, అంత కొద్దిసేపు మాత్రమే ఎందుకు వాడుతుందో ఆ రోజుల్లో నాకు నిజంగా బోధపడింది.

మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నవారికి ఎన్‌జీఎఫ్ సూదులు ఇచ్చిన పరీక్ష గురించి రాయడం నాకిప్పటికీ సులువు కాదు. 250 మంది మీద చేసిన మొదటి పరీక్ష ఆశ పుట్టించింది. తర్వాత 1,019 మందితో, 48 వారాల పాటు, వారానికి మూడు సూదుల చొప్పున చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2000లో వెలువడింది. అనుకున్న కొలమానం మీద మందు పనిచేయలేదు. సూది వేసిన చోట నొప్పి పుట్టడం వల్ల మోతాదు పెంచే వీలూ లేదు. ఆ నొప్పి పొరపాటున వచ్చింది కాదు. పిండంలో నరాన్ని సాకే ఎన్‌జీఎఫే పెద్దవయసులో, వాపు వచ్చిన చోట, నొప్పిని ఎక్కువ చేసే కబురవుతుంది. టీఆర్‌కేఏ జన్యువు చెడిపోయి పుట్టిన పిల్లలకు నొప్పే తెలియదని 1996లో కనుక్కున్నారు. వినడానికి వరంలా ఉంటుంది కానీ, ఆ పిల్లలు నాలుక కొరుక్కుంటారు, చేతులు కాల్చుకుంటారు, ఎముకలు విరిగినా నడుస్తారు, చెమట పట్టక జ్వరాల పాలవుతారు. తర్వాతి సంవత్సరాల్లో ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీని కీళ్లనొప్పులకు ఇచ్చి చూశారు. నొప్పి తగ్గింది కానీ, కొందరిలో కీళ్లే త్వరగా అరిగిపోయాయి.

ఆ మధుమేహ పరీక్ష ఫలితం వచ్చిన రోజు మాస్టారు చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నారు. అప్పటికి ఆయన పదవీ విరమణ చేసి కొన్నేళ్లయింది, అయినా రోజూ వచ్చేవారు. ఓదార్పుగా ఏదో అనబోతే వారించి, "ఒంటికంతా ఇచ్చాం తల్లీ. అది ఒంటికంతా ఇచ్చేది కాదు. వరదగుడి ఎంత మేర కడుతుందో చూశావు కదా, ఆ మేరకే ఇవ్వాలి" అన్నారు. అలా ఇచ్చిన ప్రయత్నం ఒకటి అప్పటికే అచ్చయింది. లెవీ మోంటాల్చినీతో ఏళ్ల తరబడి పనిచేసిన లుయీజీ అలోయె కూడా ఉన్న ఇటలీ బృందం, 1998లో, కార్నియాకు వెళ్లే నరం దెబ్బతిని కంటి పైపొర పుండుపడి మానని 12 మంది రోగులకు ఎలుక ఎన్‌జీఎఫ్‌ను చుక్కలుగా వేసింది. 14 కళ్లు. అన్నీ మానాయి. నరం చచ్చిన కార్నియాకు దుమ్ము పడ్డా తెలియదు, గీసుకున్నా తెలియదు; అలాగే పలచబడి చిల్లుపడితే చూపు పోతుంది. ఆ వ్యాసం నకలు మాస్టారి సొరుగులో ఉండేది. అంచులన్నీ ఆయన పెన్సిలు రాతే.

ఆయన 2004లో పోయారు. లెవీ మోంటాల్చినీ 2012 డిసెంబరు 30న, 103 ఏళ్ల వయసులో, కోహెన్ 2020లో వెళ్లిపోయారు. వాళ్లిద్దరూ మొదలుపెట్టిన దారిలో ఎన్నో మందులు వచ్చాయి: రొమ్ము క్యాన్సర్‌లో ఈజీఎఫ్ గ్రాహకానికి తోబుట్టువైన హెర్2ను అడ్డుకునేది 1998లో, రక్తనాళాల వృద్ధి కారకాన్ని రెటీనాలో అణచి వృద్ధుల చూపు నిలబెట్టేది 2006లో. క్యాన్సర్ మందుల వల్ల తెల్లకణాలు పడిపోయినవారికి ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు రాకుండా ముందుగానే వేసే కారకం 1991 నుంచే ఉంది; మాస్టారు అడిగిన ప్రశ్నకు సూటి జవాబు అదేనని నా నమ్మకం. కానీ ఎన్‌జీఎఫ్ మాత్రం మందు కాలేదన్న వెలితి నాకు ఉండిపోయింది.

2018 ఆగస్టులో, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, సెనెగెర్మిన్ పేరుతో ఎన్‌జీఎఫ్ కంటిచుక్కలకు అనుమతి ఇచ్చింది, సరిగ్గా ఆ కార్నియా జబ్బుకే. అదే ఏడాది నవంబరులో, టీఆర్‌కేఏ, దాని కుటుంబానికి చెందిన ఇతర టీఆర్‌కే గ్రాహకాలు తెరుచుకుని ఇరుక్కుపోయిన కణితులకు వాటిని మూసే మందు లారోట్రెక్టినిబ్‌కూ అనుమతి వచ్చింది. మూడు నెలల తేడాలో, ఒకే తలుపును ఒక చోట తట్టే మందూ, మరో చోట గడియపెట్టే మందూ. ఆ కంటిచుక్కలను రోజుకు ఆరుసార్లు, రెండేసి గంటలకొకసారి, ఎనిమిది వారాలు వేయాలి. ఇప్పుడది ఎలుక గ్రంథుల నుంచి రాదు. మానవ ఎన్‌జీఎఫ్‌నే బ్యాక్టీరియాలో తయారుచేస్తారు.

ఒక కంటికి ఒక రోజుకు వాడే సీసాలో ఒక మిల్లీలీటరు ద్రవం, అందులో 20 మైక్రోగ్రాముల ఎన్‌జీఎఫ్ ఉంటుందని చదివిన వెంటనే చేతికందిన కాగితం మీద లెక్క వేశాను. డిష్‌కు 10 నానోగ్రాముల చొప్పున అది రెండు వేల డిష్‌లకు సరిపోతుంది. చల్లని గదిలో మేం ఎన్ని రాత్రులు కూర్చున్నా ఆ రోజుల్లో ఏడాదికి అన్ని డిష్‌లు పెట్టలేదు. ఆ అంకె కింద రెండు గీతలు గీసి, మాస్టారికి చూపించడానికి లేవబోయి, మళ్లీ కూర్చున్నాను.